పెట్టె వచ్చిన దినం, తప్పెట పోయిన దినం

నిన్న ఆగస్టు ఇరవై ఒకటి. పొద్దున్నుంచి గాలి. మోడాలు ఉన్నాయి, చినుకు లేదు. స్వరాజ్యం వచ్చి ఇంకా వారం కాలేదు. వీధిలో కట్టిన కాగితపు జెండాలు అప్పుడే చిరుగుతున్నాయి. ఎద్దుల గాడి శుభ్రం చేసి చొప్ప వేస్తుండగా కబురు వచ్చింది, మా మేనత్త తెల్లవారుజామున పోయిందని. రోజువారీ జమాఖర్చు తప్ప నేను మరేమీ రాసేవాణ్ణి కాను. ఆమెను గురించి ఇంకెవరూ రాయరు కాబట్టి రాస్తున్నాను.

కోయిలకుంట్ల పక్కన మా ఊరి కొర్ర చేలల్లో ఆమె కలుపు కూలీలకు ముందు మనిషి. ఆడవాళ్ళంతా తలా ఒక సాలు పట్టి వరసగా కదిలేటప్పుడు పాట ఎత్తేది ఆమె. మా మామ బతికి ఉన్నన్నాళ్ళు గట్టు మీద నిలబడి ఆ పాటకు తప్పెట కొట్టేవాడు. ఆదివారం మా యేసు గుడిలో అవే వరసల్లో కీర్తనలు పాడేవాళ్ళం. మా గుడికి మొదటి వాద్యం ఆ తప్పెటే.

ఒక ఏడు ఆగస్టు ఇరవై రెండున హార్మోనియం పెట్టె వచ్చింది. బండి మీద నుంచి దించి లోపల పెట్టినారు. అదే పూట సంఘ పెద్ద తప్పెటను బయట పెట్టించినాడు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. ఊరి శవాల ముందర తప్పెట కొట్టడం మా వాళ్ళకు తరతరాల వెట్టి. కాదనేందుకు లేదు. "దాన్ని ఇడిసినాకనే తలెత్తుకోని తిరుగుతాండాం. మళ్ళా దేవుని ఇంట్లోకి తేవల్లనా?" అన్నాడు. మామ తప్పెట తీసుకొని ఇంటి దావ పట్టినాడు. మేనత్త మాత్రం ఊరుకోలేదు. "కొట్టమన్నోళ్లను ఇడిసినాం, సరే. తప్పెట ఏం పాపం చేసిందప్పా?" అనింది.

ఆ మీదట ఏటా ఆ తేదీన పెట్టె పండగ. సంఘ పెద్ద లేచి, ఈ దినమే మన సంఘానికి సంగీతం వచ్చిందని చెప్పేవాడు. ఆయన కూర్చునే లోపల ఆడవాళ్ళ చాప మీద నుంచి మేనత్త లేచేది. "ఈ దినమే ఉన్న సంగీతాన్ని బయట పెట్టినారు. అది గూడా చెప్పప్పా." కొందరు నవ్వేవాళ్ళు, పక్కవాళ్ళు కొంగు పట్టి లాగేవాళ్ళు. కూర్చునేది. మళ్ళా ఏడు మళ్ళా లేచేది.

మామ పోయినాక కూడా ఆమె ప్రతి శనివారం పొయ్యి ముందు ఆ తప్పెటను కాచేది. కొట్టే మనిషి లేడు కదా అని అడిగితే, తోలు సల్లబడనిస్తే సచ్చినట్టే అనేది.

ఒకసారి పండగకు ముందు సంఘ పెద్ద ఆమె ఇంటికి వచ్చి, ఈసారి నంద్యాల నుంచి మిషను దొర వస్తున్నాడు, పరువు తీయొద్దని బతిమాలుకున్నాడు. నీ పరువు నా దగ్గర ఎప్పుడు పెట్టినావప్పా తీసేదానికి, అనిందంట. ఆ పండగనాడు దొర కుర్చీలో కూర్చున్నాక పెట్టె మూత తెరిచినారు. తిత్తి ఊపితే గాలి తప్ప స్వరం లేదు. ఎలుకలు కొరికేసినాయి. మేనత్త ఆ రోజు లేవలేదు. కూర్చున్న చోటనే నేల మీద అరచేత్తో కలుపు పాట దెబ్బ వేసి కీర్తన ఎత్తుకుంది. మొదట ఆడవాళ్ళ చాప అందుకుంది, తర్వాత మగవాళ్ళ చాప. దొర ఏమనుకున్నాడో నాకు తెలియదు. ఎవరూ అడగలేదు.

అప్పటి నుంచి ఆమె చెప్పేవి రెండైనాయి. తప్పెట పోయింది ఈ దినమే, పెట్టె మూగదైతే మన చేతులు పలికింది ఈ దినమే. ఇన్ని ఎందుకని సంఘ పెద్ద విసుక్కుంటే, "ఒక తేదీకి ఒగటే జరగల్లని యాడ రాసుండాది?" అనింది.

తనను ఎత్తుకుపోయేటప్పుడు ముందర తప్పెట ఉండాలని ఎన్నోసార్లు చెప్పింది. మట్టి చేయడం ఈ దినం, సరిగ్గా ఇరవై రెండో తేదీకే పడింది. సంఘంలో చేరని మా చిన్నాయన ఆమె ఇంటి గోడకున్న తప్పెట తీసి కాచుకొని వచ్చినాడు. సంఘ పెద్ద ఆ ఇంటి గడపలో అడ్డం నిలబడినాడు. కోపంగా లేడు, కళ్ళు తడిగా ఉన్నాయి. శవం ముందర తప్పెటనా, ఏ వెట్టి నుంచి బయటపడినామో దాన్నే ఈమె నెత్తిన పెడతారా, అని అడిగినాడు. కొట్టించకపోతే ఆమె మాట పోతుంది. కొట్టిస్తే ఆ పాత కాడి ఆమె మీదికే వస్తుంది.

చిన్నాయన తప్పెట భుజానికి తగిలించుకున్నాడు. "సావుకు కొట్టే దెబ్బ ఎవురు కొడతారప్పా? నేను కలుపు దెబ్బ కొడతా. ఆయమ్మ పనికి పోతాండాది."

సంఘ పెద్ద పక్కకు జరిగినాడు. గుడి ముందర మాత్రం ఆపమన్నాడు. చిన్నాయన తప్పెట వారు సరిచేసుకుంటూ బయటికి నడిచినాడు.

ఆమెను పడుకోబెట్టిన పెట్టె ఎత్తినాము. దెబ్బ మొదలైంది. వెనక ముద్దగా నడుస్తున్న ఆడవాళ్ళు, ఎవరూ చెప్పకుండానే, దావ ఈ అంచు నుంచి ఆ అంచు దాకా విడివడి చేలో సాలు పట్టినట్టు వరస కట్టినారు. గుడి వచ్చింది. దెబ్బ ఆగలేదు. గుడి మెట్ల మీదికి పోయి నిలబడిన సంఘ పెద్ద ప్రార్థన పుస్తకం పట్టుకొని మమ్మల్నే చూస్తున్నాడు. ఆ మెట్ల పక్కకు వచ్చేసరికి వరస కొసన ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు ఆయన దిక్కు చూసి ఎడంగా జరిగి, నడుమ ఒక మనిషి పట్టే సాలంత జాగా విడిచినారు. అడుగు మాత్రం ఎవరూ తగ్గించలేదు.