కోటబొమ్మాళి పొలాల్లో రోము ఇల్లాలు

నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. విజయనగరంలో ఆడపిల్లల కాలేజీలో చరిత్ర చెప్పేదాన్ని. అరవైల చివర్లో ఒక మార్గశిర శనివారం సాయంత్రం, మా హాస్టల్ మేట్రన్ నరసమ్మగారు కబుర్ల మధ్య తన అక్క గౌరమ్మ మెడలోని బంగారు కాసు సంగతి ఎత్తారు. గౌరమ్మ భర్త బతికున్నప్పుడు వంశధార దగ్గర పొలం దున్నుతుంటే నాగలి చాలులో దొరికిందట. విక్టోరియా రాణి కాసు అయ్యుంటుందిలే అన్నాను, పెద్దగా పట్టించుకోకుండా. "కాదమ్మా. కిరీటం నేదు. తల సుట్టూ వరి ఎన్నులు సుట్టుకున్నాది. మా అక్క సీమలచ్చిమి అంటాది" అన్నారావిడ. నా చేతిలో కాఫీ గ్లాసు అలాగే ఆగిపోయింది. తలకు ధాన్యపు కంకులు చుట్టుకున్న స్త్రీ బొమ్మతో ఉన్న రోమన్ నాణెం ఫోటో నేను చదువుకునే రోజుల్లో చూశాను. "రేపు కంసాలి వస్తన్నాడు. కరిగించి మనవరాలికి కమ్మలు సేయిస్తాదట" అని ఆవిడ మామూలుగా ముగించారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తెల్లవారకముందే ఇద్దరం స్టేషన్‌కు చేరి, బరంపురం వైపు వెళ్లే పాసింజరు ఎక్కాం. మూడో తరగతి టిక్కెట్టు రెండు రూపాయల లోపే. చీపురుపల్లి, పొందూరు, ఆమదాలవలస, తిలారు... ప్రతి చోటా బండి తీరిగ్గా నీళ్లు తాగినట్టు ఆగేది. నేను కిటికీ ఊచలు పట్టుకుని ఇంజన్ వైపే చూస్తున్నాను. కోతలైన మళ్లలో కుప్పలు, వాటి మీద మంచు, ఎక్కడో నూర్పుళ్ల చప్పుడు. మామూలు రోజైతే ఆ దారి ఎంత బాగుండేదో. కోటబొమ్మాళిలో దిగేసరికి ఎండెక్కింది. స్టేషన్ బయట ఒంటెద్దు బండి దొరికింది. కొంచెం త్వరగా పోనిమ్మన్నాను. బండి తోలే ముసలాయన వెనక్కి తిరిగి చూశాడు. "ఏటమ్మా, పురుడా? పోయినోలా?" అని అడిగాడు. "కాసు కరిగించేస్తారని కంగారు" అని నరసమ్మగారు చెప్పారు. ఆయన ముందుకు తిరిగి ఎద్దును అదిలించాడు.

గౌరమ్మ ఇంటి ముందు కుంపటి అప్పటికే రాజుకుని ఉంది. కంసాలి మూస సర్దుకుంటున్నాడు. గౌరమ్మ అరవై దాటిన గట్టి మనిషి. "ఒరే అవిటోడా, బొగ్గులు తెమ్మని ఎప్పుడు సెప్పినాను" అని కేకేస్తోంది. గోడవార నుంచి నలభై ఏళ్ల మనిషి, ఆవిడ చిన్న కొడుకు అప్పన్న, కాలీడ్చుకుంటూ బొగ్గుల తట్టతో వచ్చాడు. నేను పలకరింపులైనా లేకుండా, "ఆ కాసు ఒక్కసారి చూడనివ్వండి" అన్నాను.

అరచేతిలో పెట్టుకుని వెలుగులోకి తిప్పాను. కొప్పు, కంకుల దండ, నిటారు ముక్కు. అంచున లాటిన్ అక్షరాలు కూడబలుక్కుని చదివాను: ఆంటోనియా ఆగస్టా.

"ఎవులు తల్లీ ఆవిడ?" అని గౌరమ్మ అడిగింది. చెప్పకుండా ఉండగలనా? రెండు వేల ఏళ్ల కిందట రోములో పుట్టిన గొప్పింటి పిల్ల అన్నాను. తండ్రి ఆంటోనీ, ఈమె తల్లిని వదిలేసి ఈజిప్టు రాణి దగ్గరకు పోయి అక్కడే చనిపోయాడు. ఈమె భర్త దండయాత్రలో గుర్రం మీంచి పడి చనిపోయాడు. అప్పటికి ఈమెకు ముప్పై కూడా లేవు, ముగ్గురు పిల్లలు.

"మారుమనువు సెయ్యనేదా?"

"సాక్షాత్తూ చక్రవర్తి, ఆమెకు మేనమామ, ఇంకొకణ్ణి పెళ్లి చేసుకోమన్నాడు. ఆమె వినలేదు."

గౌరమ్మ తలాడించింది. "నాకూ సెప్పినారు. నేనూ ఇననేదు. పిల్లలేటయ్యారు?"

పెద్ద కొడుకు దేశమంతా మెచ్చిన వీరుడు, పరదేశంలో చనిపోయాడు. కూతురు తన మొగుడికి విషం పెట్టించిందని తేలితే, ఈమే గదిలో పెట్టి తలుపేసి, తిండి లేకుండా చంపిందని ఒక చరిత్రకారుడు రాశాడు. "కన్నకూతుర్నా" అని నరసమ్మగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఇక చిన్న కొడుకు. కాలు ఈడ్చేవాడు, మాట తడబడేది. ప్రకృతి మొదలుపెట్టి సగంలో వదిలేసిన మనిషి అని తల్లే అనేదట. ఎవరైనా తెలివితక్కువ పని చేస్తే, నా కొడుకు కంటే మొద్దువి అనేదట.

కంసాలి ఊదుగొట్టం కింద పెట్టేశాడు. అప్పన్న తట్ట దించకుండా అలాగే నిలబడ్డాడు.

"ఆ కొడుకే చివరికి చక్రవర్తి అయ్యాడు. అయ్యాక అమ్మ బొమ్మతో బంగారు నాణేలు వేయించాడు. ఇది వాటిలో ఒకటి" అన్నాను.

గౌరమ్మ కాసు మీదికి వంగి చూసింది. "ఆయమ్మ సూసుకున్నాదా?"

"లేదు. అప్పటికి ఆమె పోయి నాలుగేళ్లు."

ఆవిడ కాసు తీసుకుని కొంగున ముడేసుకుంది. "కుంపటి ఆర్పీ బావా. కమ్మలు మినుములు అమ్మినాక సూద్దాం" అని కంసాలికి చెప్పి లోపలికి వెళ్లింది. కాసేపటికి లోపల్నుంచి పిలుపు వినబడింది. "అప్పన్నా, అన్నం ఎట్టినాను, రా నాన్నా."

అప్పన్న కదల్లేదు. పిలిచింది తననేనా అని పిన్నివైపు చూశాడు. ఆవిడ సైగ చేశాక తట్ట దించి, నా దగ్గరగా వచ్చి మెల్లగా అడిగాడు. "మేస్టరమ్మా, ఆ రాజుగోరిది ఏ కాలు?"

"కుడికాలంటారు."

"నాదీ అదే" అని నవ్వి లోపలికి వెళ్లాడు.

ఆ కాసును ఎలాగైనా మ్యూజియానికి ఇప్పించాలనే నేను బయల్దేరాను. సాయంత్రం బండెక్కేదాకా ఆ మాట నోట రాలేదు. చరిత్ర చెప్పేదానిగా అది తప్పే కావచ్చు. ఆ నాణెం ఏ ఓడలో వచ్చి ఏ రేవులో దిగిందో, వంశధార మట్టిలోకి ఎలా చేరిందో నేను ఈనాటికీ చెప్పలేను. కానీ ఒక కొడుకు తన తల్లికి చెప్పలేకపోయిన మాటేదో ఆ బంగారంలో ఉందనీ, ఆ ఆదివారం ఇంకో తల్లికి అది వినబడిందనీ మాత్రం చెప్పగలను. తిరుగు ప్రయాణమంతా కిటికీ దగ్గర చిన్నపిల్లలా నాలో నేనే నవ్వుకుంటూ కూర్చున్నాను.

ఇటువైపు వచ్చేవారికి ఒక్క మాట: ఎవరైనా పాత కాసు చూపిస్తే అంచులు మాత్రమే పట్టుకోండి, మెరుపు కోసం చింతపండుతో తోమనివ్వకండి. ముందు అరిగిపోయేవి అక్షరాలే.