శ్లాబు గదిలో రెండు చోట్లు, మేము నలుగురం

నిన్న మధ్యాహ్నం శ్రీను ఫోన్ చేశాడు. దానియేలు అన్న చనిపోయాడు అన్నాడు.

నేను షాపులో ఉన్నాను. ట్యూబు నీళ్ళలో ముంచి చూస్తున్నాను.

సరే అన్నాను. ఫోన్ పెట్టేశాను.

పంక్చర్ వేశాను. గాలి కొట్టాను. ఆ బండి ఎవరిదో ఇప్పుడు గుర్తు రావట్లేదు.

విస్సన్నపేటలో ఎవరింట్లోనో టైల్స్ వేస్తుంటే గుండెల్లో నొప్పి అన్నాడంట. ఆటోలో తీసుకెళ్తుంటే దారిలోనే అయిపోయిందంట.

నాకు ఇంకా ఏడుపు రాలేదు.

రాయడం కూడా నాకు సరిగ్గా రాదు. అందరూ స్టేటస్‌లో అన్న ఫొటో పెట్టి దండం బొమ్మ పెడుతున్నారు. నేనూ పెట్టాను. తర్వాత తీసేశాను. అది సరిపోదనిపించింది.

తెలీని వాళ్ళ కోసం చెప్తున్నాను. తిరువూరులో మేము నలుగురం ఒక పోర్షన్‌లో అద్దెకుంటాం. అన్న, సెల్ షాపులో చేసే శ్రీను, హోటల్లో దోసెలు వేసే గోపి, నేను.

అంతకుముందు నేను షాపులోనే టైర్ల పక్కన పడుకునేవాణ్ణి. అన్న పంక్చర్ వేయించుకోవడానికి వచ్చి చూశాడు. ఏమీ అడగలేదు. బండెక్కు అన్నాడు.

నాకు ఇంకో చోటు లేదు.

ఓనర్ ఆంటీ పెళ్ళికాని వాళ్ళకి ఇల్లివ్వరు. అన్న ముఖం చూసి ఇచ్చారు.

అన్న ఎవరి మీదా అరిచేవాడు కాదు. ఒకసారి గోపి అన్నాడు, నేను హోటల్లోనే తింటాను కదా, గ్యాస్‌కి నేనెందుకివ్వాలి అని. అన్న, కరెక్టేరా, ఇవ్వొద్దు అన్నాడు. పొద్దున్నే మా మూడు గ్లాసుల్లోనే టీ పోశాడు. గోపి దుప్పటి ముఖం మీదకి లాక్కున్నాడు. మర్నాడు కూడా అంతే. ఆ తర్వాత వాడే వచ్చి, డబ్బులు స్టవ్ పక్కన పెట్టి, గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు.

"అల్లం ఎక్కువెయ్యనా?" అన్నాడు అన్న. అంతే. ఇంకేం అనలేదు.

పెద్ద గొడవ పడుకునే దగ్గరే.

మా పోర్షన్‌లో ఒక్క చిన్న గదికే శ్లాబు. అందులో ఇద్దరు పడతారు. హాలు పైన రేకులు. ఎండాకాలం ఆ హాల్లో పడుకుంటే పెనం మీద పడుకున్నట్టే.

రోజూ అన్నాలు తిన్నాక అదే గోల. పొద్దున్నుంచీ నిలబడే ఉన్నాను అంటాడు శ్రీను. నేను పొయ్యి దగ్గర కాలిపోయాను, నాదీ నిలబడే పనే అంటాడు గోపి. నేను మాట్లాడను కాబట్టి నా చాప ఎప్పుడూ హాల్లోనే. అన్న చాప కూడా హాల్లోనే.

ఒకరోజు అన్న ఒక రూల్ పెట్టాడు. శ్లాబు గది ఎవరూ తన కోసం అడక్కూడదు. ఇంకొకడి కోసమే అడగాలి. ఎందుకో కూడా చెప్పాలి.

ముగ్గురం కింద చూస్తూ కూర్చున్నాం. ఒకడి పని ఇంకొకడు ఎప్పుడు చూశాడని?

అన్నే నన్ను చూపిస్తూ మొదలుపెట్టాడు. "చిన్నాగాడు ఇవాళ లారీ టైరు విప్పాడు. వాడి చేతులు చూడండి."

అన్న ఎప్పుడు చూశాడో నాకు తెలీదు. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. శ్రీను లాగి చూశాడు. చూసి, నా చాప తీసుకెళ్ళి లోపల పరిచాడు.

ఆ తర్వాత నాకూ చూడటం అలవాటైంది. గోపి ఏ చేత్తో గ్లాసు పట్టుకుంటున్నాడు, శ్రీను కళ్ళు ఎంత ఎర్రగా ఉన్నాయి, అన్న గోడ పట్టుకుని ఎందుకు లేస్తున్నాడు, అన్నీ.

ఒకరోజు నేను చెప్పాను.

"అన్న మోకాళ్ళు."

అంతే వచ్చింది నాకు. గోపి పడీ పడీ నవ్వాడు. వీడికి నోరుందిరోయ్ అన్నాడు.

అన్న నవ్వలేదు. పర్లేదులే అని కూడా అనలేదు. దిండు తీసుకుని లోపలికి వెళ్ళి పడుకున్నాడు. నేను చెప్పింది ఒకళ్ళు విని చెయ్యడం నాకు అదే ఫస్ట్.

ఇవాళ అన్న వాళ్ళ ఊరు పెనుగొలనులో మట్టి చేశారు. వాళ్ళమ్మగారు నా చెయ్యి పట్టుకుని, తిన్నావా బాబూ అని అడిగారు. నేను తల ఊపాను. తినలేదు.

సాయంత్రం రూముకొచ్చేసరికి ఓనర్ ఆంటీ మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఆవిడ కళ్ళు కూడా వాచి ఉన్నాయి. ఇవాళ అడగకూడదు గానీ, ఆ అబ్బాయిని నమ్మి ఇచ్చాను, ఇప్పుడు ఇంటికి ఎవరు బాధ్యత అన్నారు. ఎవరూ లేకపోతే నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నారు.

గోపి హోటల్ పైన ఉంటానన్నాడు. శ్రీను వాళ్ళ ఊరు ఎ.కొండూరు నుంచి రోజూ బస్సుకొస్తానన్నాడు. వాళ్ళ తప్పేం లేదు. వాళ్ళకి చోటుంది.

ఆంటీ లేచి వెళ్ళబోయారు.

"నేను ఉంటానండీ. బాధ్యత నాది."

ఆంటీ ఆగి నా వైపు చూశారు.

"నీ పేరేంటి బాబూ?"

ఇన్నాళ్ళూ ఆవిడకి నా పేరు కూడా తెలీదు. చెప్పాను. ఇంకోసారి చెప్పమన్నారు. గట్టిగా చెప్పాను.

సరే చూద్దాం అన్నారు. ఆవిడ వెళ్ళాక శ్రీను బ్యాగు సర్దుకోవడం మొదలుపెట్టాడు. కాసేపటికి గోపి వెళ్ళి స్టవ్ మీద బియ్యం పెట్టాడు. శ్రీను బ్యాగు సర్దడం ఆపాడు.

అన్నా, రేపు మనకి నీళ్ళొచ్చే రోజు. నీ బదులు నేను లేచి నీళ్ళు పడతాను.

నువ్వు లేవకు. ప్రభువు దగ్గర చల్లగా పడుకో అన్నా.