గంగమ్మ రాయి నుంచి పదిహేను అడుగులు

తిరుత్తణి బయట మా ఇంటికి మూడు వైపులా కట్టడానికి వీల్లేదు. ముందు వీధి. కుడి ఎడమల పొరుగువాళ్ళ గోడలే మాకూ గోడలు. మిగిలింది వెనక పెరడు, దాని తర్వాత చెరువు. ఇల్లు రైలుపెట్టెలా వరసగా ఉండేది: వరండా, హాలు, వంటిల్లు. హాల్లో అమ్మా నేనూ పడుకునేవాళ్ళం. అన్నా వదినా వరండాలో, తడిక చాటున. వదిన పురిటికి పళ్ళిపట్టులోని పుట్టింటికి పోతూ అన్నతో ఒకే మాట చెప్పింది.

"తలుపుండే గది ఒకటి చూపించినాకే నన్నూ బిడ్డనూ పిలువు."

గది గీసే పని నా మీద పడింది. నేను సివిల్ డిప్లొమా చేసి, తిరువళ్ళూరులో ఒక ఇంజనీరు దగ్గర ఇళ్ళ ప్లాన్లు గీస్తున్నాను. చెరువు హద్దురాయి నుంచి పదిహేను అడుగులు ఖాళీగా వదలాలని నియమం. వంటింటి గోడ నుంచి పెరటి చివర ఉన్న రాయి దాకా టేపు పట్టాను. ఇరవై ఐదు. అంటే కట్టుకోవడానికి పది అడుగులు. మంచం, ఉయ్యాల, తలుపు తెరుచుకునే జాగా, గోడ మందం కలిపితే పదకొండు అయింది. ఒక్క అడుగు సడలింపు ఇవ్వమని అర్జీ టైపు చేయించి, ప్లాను ప్రింట్లు మూడు జతచేసి అనుమతులిచ్చే సర్కారు ఆఫీసులో ఇచ్చాను.

పొరుగింటి మామ గోడ మీంచి తల పెట్టి నవ్వాడు. ఆయన ఎవరినీ అడక్కుండా దాదాపు నీళ్ళ దాకా రెండు గదులు వేసుకున్నవాడు.

"ఏందబ్బీ, మీ పెరట్లో మీరు గది కట్టేదానికి అర్జీనా? అడిగినోడికే వద్దంటారు. అడగనోడికి ఎవురు చెప్తారు?"

"రూలుండాది మామా."

"ఉంటే ఉండనీ. నీకు పెండ్లాముండాదా, బిడ్డుండాదా, రూలన్నా ఉండాల గదా!"

సర్వేయరు గొలుసూ పాత కొలతల పటమూ పట్టుకుని వచ్చాడు. నేను చూపించిన రాయి వైపు చూడనే లేదు. వీధి నుంచి కొలుచుకుంటూ వచ్చి బట్టలుతికే బండ దగ్గర ఆగాడు. గడ్డపార అడిగి, బండ పక్కన తవ్వించాడు. జానెడు లోతులో బాణం గుర్తు చెక్కిన రాయి బయటపడింది. వంటింటి గోడకు పదమూడు అడుగులు.

"ఇదే హద్దు తంబీ."

"మరి అది?" అన్నాను, పెరటి చివర పసుపు పూసిన రాయిని చూపిస్తూ. హద్దురాయికి అమ్మ పసుపు పూస్తుందనే ఇన్నాళ్ళూ అనుకున్నాను.

"అది గంగమ్మ" అంది అమ్మ. "మీ అవ్వ పెట్టింది. ఆయమ్మ నీళ్ళ అంచునే ఉండాల గదా. చెరువు ఎండినప్పుడంతా ముందుకు జరిపినాము. నేనొచ్చినాక రెండు తూర్లు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడిగితివా? టేపు పట్టుకోని రాయి ముందర వంగినావు. మొక్కుకుంటా ఉండావేమో అనుకుంటి."

సర్వేయరు పటం మడుచుకుంటూ నవ్వాడు. "మీ సామి నడుస్తాది అమ్మా. సర్కారు రాయి నడవదు."

అమ్మ కూడా నవ్వింది. నేను తీసివేత చేస్తున్నాను. పదమూడు అడుగులే ఉన్నాయంటే గది మాట అటుంచి, ఉన్న వంటిల్లే రెండు అడుగులు నియమం దాటి ఉంది. పెరట్లో సగం చెరువుది. ఇదంతా అరంగుళం తేడా లేకుండా గీసి, కింద నా పేరు రాసి, నేనే వాళ్ళ చేతికిచ్చాను. అర్జీ పెట్టకపోయి ఉంటే ఎవరూ మా పెరట్లోకి వచ్చేవారు కాదు.

పది రోజులకు నోటీసు వచ్చింది. వంటింటి వెనక భాగం ఎందుకు తీసేయకూడదో చెప్పమని. పొరుగు మామ గదుల సంగతి రాస్తే ఆయనా మునుగుతాడు, మాది మాత్రం తేలదు. ఊరుకుంటే వంటిల్లు పోతుంది. ఇల్లు అమ్మ పేరున ఉంది కాబట్టి ఆమెను వెంటబెట్టుకుని తిరువళ్ళూరు పోయాను.

అధికారి మంచివాడే. పాత వంటిల్లు కనుక దానికి సడలింపు రాస్తానన్నాడు. దానికి బదులు, ఇక ఎప్పటికీ వెనకవైపు ఏమీ కట్టమని మేము రాసివ్వాలి. కాగితం తమిళంలో ఉంది.

"ఏం రాసిండారు?" అని అమ్మ నన్ను అడిగింది.

"వెనక ఇంకెప్పుడూ గది కట్టబోమని."

అమ్మ పెన్ను పట్టుకుని కాసేపు నా ముఖం చూసింది. తర్వాత తెలుగులో సంతకం చేసింది.

"నువ్వే గీసినావు, నువ్వే పోయి చెప్పు" అన్నాడు అన్న. పళ్ళిపట్టు బస్సెక్కాను. వదిన బిడ్డను భుజాన వేసుకుని వీపు నిమురుతూ అంతా విన్నది. రాళ్ళ గురించీ అడుగుల గురించీ నేను చాలాసేపు చెప్పాను.

"కొలతలు నాకెందుకబ్బీ? గది ఎంతుంటే నాకేమి, గొళ్ళెం లోపల ఉండాల. మీ హాలుకు ముందొకటి, వెనకొకటి, రెండు తలుపులుండాయి గదా. రెండు గొళ్ళేలు పెట్టించు."

అంత తేలికైన ప్లాను నాకు తట్టలేదు. దానికి ఏ ఆఫీసు అనుమతీ అక్కర్లేదు. వడ్రంగిని పిలిచి రెండు తలుపులకూ లోపలివైపు గొళ్ళేలు పెట్టించాను. వదిన బిడ్డతో వచ్చింది. అమ్మ పడక వంటింట్లోకి మారింది, నాది వరండాలోకి. చీకటిపడి హాలు మూసుకుంటే అమ్మ వెనకా నేను ముందూ. తెల్లారి వదిన తలుపు తీసేదాకా అమ్మకు మంచినీళ్ళు కావాలన్నా నేను అందించలేను.

ఆ ఏడాదే అమ్మ నాకు సంబంధాలు చూడడం మొదలుపెట్టింది. కడంబత్తూరు నుంచి ఒక అమ్మాయి వివరాలు వచ్చాయి. ఆ ఆదివారం టేపు తీసి ఇల్లంతా మళ్ళీ కొలిచాను. ముందు వీధి. పక్కల పొరుగు గోడలు. వెనక అమ్మ సంతకం.

సంబంధం వద్దని చెప్పాను. అమ్మాయి నచ్చలేదా అని అమ్మ అడిగింది. నచ్చలేదనే చెప్పాను.