ఒక్క లైనే కదా

పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగేలోగా ఆయన కంప్యూటర్ ఆన్ చేయడం నా పని. నల్ల విండో తెరవగానే పైన ఒక లైను కనిపించేది: "టీ అయిందా, దొరసానీ?" ఆయన పోయాక కూడా నాలుగు నెలలు అది అలాగే అడిగింది. "అయింది" అనేదాన్ని. పది రోజులుగా ఆన్ చేసే పని లేదు.

మావారు ఇన్‌స్టాలర్లు రాసేవారు. అంటే కొత్త సాఫ్ట్‌వేర్‌ని జనం కంప్యూటర్లలోకి ఎక్కించే ప్రోగ్రాములు. ఎవరి కంప్యూటర్‌లో వాళ్లకి ఒక చిన్న ఫైలు ఉంటుందట. అందులో ఏం రాసుకుంటే నల్ల విండో తెరవగానే అదే ముందు చదువుతుందట. ఆ టీ లైను ఈయన రాసుకున్నది అందులోనే. ఒకసారి ఈయన ప్రోగ్రాము అడక్కుండా ఒక లెక్చరర్ గారి ఫైలులో లైను చెరిపేసింది. ఆయనకి ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకున్నారు. మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

"ఒక్క లైనే కదా, దానికింత ఏడుపా? నా ఉప్పు డబ్బా ఎక్కడో పెట్టేసి ఎప్పుడైనా సారీ చెప్పారా?" అని నవ్వాను.

"డబ్బా దొరుకుతుందే. అది దొరకదు," అన్నారు.

అప్పట్నించి ఆయన ప్రోగ్రాములు ముందు కాపీ తీసి, అడిగి, ఆ తర్వాతే చెయ్యి పెట్టేవి.

ఆయనతో పనిచేసినతను పది రోజుల కిందట ఫోన్ చేశాడు. "వదినా, అన్నయ్య ఫైళ్లు ఆఫీసుకి కావాలి. నేను పంపిన లైను ఇంకో నల్ల విండోలో పెట్టి ఎంటర్ కొట్టండి."

కొట్టాను. మధ్యలో ఇంగ్లీషులో ఏదో అడిగింది. కూడబలుక్కుని చదవడానికి నాకు పావుగంట పడుతుంది. అతను లైన్లో ఉన్నాడు.

"ఏమైనా అడుగుతోందా వదినా?"

"ఏం లేదు బాబూ," అని, అవుననడానికి 'వై' నొక్కేశాను.

ఫైళ్లు వెళ్లాయి. మళ్లీ కొత్త విండో తెరిస్తే పైన ఏమీ లేదు. భయపడి నేనే ఫోన్ చేశాను.

"పాత ఫైలు మీద కొత్తది రాసేసింది వదినా. రాయమంటారా అని అడిగి ఉండాలే?"

"అడిగింది," అన్నాను. అబద్ధం ఆడినందుకు చెవులు కాలిపోయాయి.

"పోన్లెండి, అందులో ఏముండేదో చెప్పండి, మళ్లీ రాసిస్తాను."

పరాయి మగాడికి ఆ మాట ఎలా చెప్పను? చెప్పినా, అతను రాస్తే అడిగేది అతనే అవుతాడు. "వద్దులే," అన్నాను.

ఆ పొద్దున తెరిచిన విండో ఒకటి వెనక అలాగే ఉంది. అందులో ఆ లైను ఉంది. అది మూసినా, కంప్యూటర్ ఆపినా ఇక రాదని అతనే చెప్పాడు.

సాయంత్రం కంప్యూటర్ ఆపడం కూడా నా పనే. ఆయన మరిచిపోతే "కరెంటు ఊరికే వస్తోందా?" అని సాధించేదాన్ని. ఈ సాయంత్రం కూడా బల్ల తుడిచాను, కుర్చీ లోపలికి జరిపాను. బటన్ జోలికి మాత్రం పోలేదు.