తెల్లబట్ట పరీక్షకు నజ్రాన్ నుంచి అభాకు

అల్ ఖోబర్‌లో ఒక నర్సు నా చేతిలో పెట్టిన రెండు కట్టుగుడ్డ చుట్టలను ఇరవై ఏళ్లు దాటినా నేను మరచిపోలేదు. అది కువైట్ యుద్ధం జరిగిన ఏడాది. ఆ ఊరి పక్కనే అజీజియాలో ఒక ఇంట్లో నేను డ్రైవరు, నా చెల్లెలు మాబ్బి అదే ఇంట్లో వంటమనిషి. మాబ్బికి తెల్లబట్ట అవుతోంది, నడుము లాగుతోంది. సైరన్ మోగని ఒక పొద్దున ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయాను. మేము రాయచోటి వైపు దూదేకులవాళ్లం, ఇంట్లో తెలుగే మాట్లాడతాం, హిందీ అంతంతమాత్రం. అయినా మగవాణ్ని నేనుండగా ఆమె మాట్లాడడమెందుకని, ఉన్న సంగతి నేనే హిందీలో చెప్పాను. ఆ నర్సు మాబ్బిని పడుకోబెట్టి చూడలేదు, ఒక్క ప్రశ్న వేయలేదు. అలమార తెరిచి రెండు చుట్టలు తీసిచ్చి, పొమ్మని చెయ్యి ఊపింది. రెండేళ్లకు కడపలో పెద్ద డాక్టరు గర్భసంచి ముఖద్వారంలో క్యాన్సర్ అన్నాడు. ముందే తెచ్చి ఉంటే బాగుండేదన్నాడు. మాబ్బి ఆ ఏడాదే పోయింది.

సుమారు మూడు నెలల కింద నా భార్య కాశింబీ, తనకూ అదే మొదలైందని చెప్పింది. ఇప్పుడు మేము నజ్రాన్‌లో మాకు వీసా ఇచ్చిన యజమాని, మా కఫీల్ తోటలో ఉంటాము. నేను ఖర్జూరం చెట్లకు నీళ్లు పెడతాను, ఆమె ఇంటిపని చేస్తుంది. పేటలోని ఆరోగ్య కేంద్రానికి పోతే అక్కడి నర్సు, వయసు మీదపడుతోంది, ఇవన్నీ మామూలే అని మాత్రలిచ్చింది. నేను నమ్మలేదు. కఫీల్ కోడలు గట్టిగా అడిగితే ఆ నర్సే అభాలోని పెద్దాసుపత్రికి చీటీ రాసింది.

తెల్లవారి ఐదు గంటలకు బస్సు. మనిషికి డెబ్బై రియాళ్లు తీసుకున్నారు. ఇకామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి కార్డు, చూపాలి, కఫీల్ ఉత్తరం కూడా ఉంచుకోండి, దారిలో చెక్‌పోస్టులో అడిగారు. ధహ్రాన్ అల్ జనూబ్ దగ్గర టీ కోసం పావుగంట ఆపారు. హోటల్లో పరోటాలు కాల్చేది జగిత్యాల అతను. మా మాట విని పలకరించాడు.

"కాకా, ఏడికి పోతున్నరు ఇద్దరు?"

అడగాల్సిన పని అతనికేముంది? చుట్టాలింటికి అన్నాను.

"అభాల చుట్టాలా? జేబుల దవాఖాన కాయితం కనబడుతుంది కాకా. గుట్ట మీద సలి పెడ్తది, అక్కకు శాలువా తెచ్చినవా లేదా?"

కాశింబీ నవ్వింది. శాలువా తేలేదు. అతను తన మఫ్లరు ఇచ్చి, తిరిగి వచ్చేటప్పుడు ఇవ్వమన్నాడు. టీకి రెండు రియాళ్లే తీసుకున్నాడు. ఇంత మంచితనం దేనికో అని అభా దాకా ఆలోచిస్తూనే ఉన్నాను. ఘాట్ మలుపుల్లో కోతుల గుంపులు బస్సు వైపు చేతులు చాపుతాయి. కిటికీ మూసుకోండి.

తొమ్మిదిన్నరకు దిగి, పదిహేను రియాళ్ల టాక్సీలో ఆసుపత్రికి పోయాము. ఆడవాళ్ల విభాగంలో కేరళ నర్సమ్మ హిందీలో ఏమి ఇబ్బంది అని అడిగింది. నేను ముందుకు జరిగి, "సఫేద్ కపడా హోతా హై" అన్నాను. ఆమె తల ఊపి, లేచి, అలమార తెరిచింది. తీసింది కట్టుగుడ్డ చుట్ట.

వీళ్లందరూ ఒకే బడిలో ఇది నేర్చుకున్నారా అనుకున్నాను. ఇంతలో కాశింబీ నన్ను పక్కకు నెట్టి, "మోయా అబ్యద్" అంది. అరబ్బీలో తెల్లనీళ్లు అని. వాసన వస్తుందని, రెండు నెలలైందని కూడా అరబ్బీలోనే చెప్పింది. నర్సమ్మ గుడ్డ పక్కన పెట్టేసి నా వైపు తిరిగింది.

"చాచా, మీరు తెల్లగుడ్డ అన్నారు. గాయానికి కట్టు కావాలేమో అనుకున్నాను. హిందీలో దాన్ని సఫేద్ పానీ అంటారు."

తెలుగులో మనం తెల్లబట్ట అంటాం. ఆ మాటను ఉన్నది ఉన్నట్టు మార్చి చెప్పాను. ఇప్పుడే కాదు, ఖోబర్‌లోనూ.

కాశింబీని లోపలికి తీసుకుపోయి, ముఖద్వారం దగ్గర చిన్న బ్రష్షుతో తుడిచి, ఆ బ్రష్షును సీసాలో వేశారు. పది నిమిషాల పని, డబ్బు తీసుకోలేదు. సీసాలు తారుమారు కావని ఏమి నమ్మకం అని అడిగి, దాని మీది అంకెను చీటీ మీద రాయించుకున్నాను. నర్సమ్మ విసుక్కోకుండా రాసిచ్చింది. చీటీ రాసిన కేంద్రానికే రెండు వారాల్లో ఫలితం పంపుతామంది.

మూడు గంటల బస్సులో తిరిగి బయలుదేరాము. మఫ్లరు ఇచ్చేశాక కాశింబీ నోరు విప్పింది.

"ఏమయ్యా, ఆ పొద్దు మాబ్బికి గూడా కపడా అనే చెప్తివా?"

"చెప్తి."

"గుడ్డ అడిగితివి, గుడ్డ ఇచ్చె."

"గుడ్డ యాటికప్పా అని ఒక్క మాట అడిగేది ఆమె పని కాదామ్మే?"

"ఆమె అడగల్యా. నువ్వు మాబ్బిని నోరిప్పనీల్యా. నేను ఇన్నేండ్లుగా ఈ ఇండ్లల్లో ఆడోళ్లతో అరబ్బీ మాట్లాడతాండా. నాకు తెలుసునని నీకు ఈ పొద్దే తెలిసెనా?"

నేను జేబులోంచి చీటీ తీసి సీసా అంకె మళ్లీ చదువుకున్నాను.

తప్పు సగం నాది. సగమే. చదువులేని డ్రైవరుకు మాట తప్పిపోవచ్చు. చదువుకున్న నర్సు ఎదుట ఒక మనిషి నడుము పట్టుకుని నిలబడి ఉంటే, గుడ్డ ఎందుకని అడగకపోవడం ఏ మాట తప్పు? నా సగం మాత్రం తీసేయలేని తప్పు, నాతోనే వస్తుంది. ఇలాంటి ప్రయాణం పెట్టుకున్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ఆడమనిషినే మాట్లాడనివ్వండి, వచ్చిన భాషలో, చేతులతో చూపించైనా సరే. మీ హిందీని బెంచీ మీద కూర్చోబెట్టండి.

రెండు వారాలు దాటి నాలుగు రోజులైంది. పేట కేంద్రంలో అడిగితే ఆ నర్సు, "స్కానా? ఫిల్ము మీ దగ్గరే ఉండాలి కదా" అంది. స్కాన్ కాదమ్మా, ముఖద్వారం పరీక్ష అంటే, అలాంటిది తమకు రాదంది. ఏమన్నా ఉంటే వాళ్లే ఫోన్ చేస్తారట. ఫోన్ రాకపోతే మంచిదనుకోవాలట. నేను అనుకోను. ఆ కేంద్రంలో పనిచేసే తెలుగువాళ్లు ఎవరైనా ఇది చదివితే లోపల చెప్పండి. సీసా అంకె నా దగ్గరుంది. వచ్చే సోమవారం మధ్యాహ్నం జొహర్ బాంగు లోపల ఆ సీసాలో ఏమి తేలిందో నాకు జవాబు కావాలి, కాగితం మీద. పొద్దున ఎనిమిదికే వస్తాము. నేను బెంచీ మీద కూర్చుంటాను. అడిగేది కాశింబీ.