గుమ్మడి తీగ మీది నింద

తొంభైల్లో పుంగనూరులో మా రేకుల కొట్టం మీదికి గుమ్మడి తీగ పాకి ఉండేది. ధనుర్మాసపు మంచులో తడిసిన ఆ పసుపు పూల చలువ ఇప్పటికీ నా వేళ్లకు గుర్తుంది. అమ్మ ముగ్గులో పేడ గొబ్బెమ్మలు పెడితే, నిచ్చెనెక్కి పూలు కోసి వాటిలో గుచ్చే పని నాది. సన్నని కాడ పూలు పక్కకు వాలిపోయేవి. అడుగున చిన్న ఉండ ఉన్నవైతే, ఆ ఉండ పేడలో దిగి నిటారుగా నిలిచేవి. ఒక ఏడు మాత్రం ఏరి ఏరి అవే కోశాను. ఎండెక్కేసరికి గొబ్బెమ్మలన్నీ గోడమీద పిడకలయ్యేవి.

ఆ ఏడు తీగకు ఒక్క కాయ నిలవలేదు. మదనపల్లె నుంచి నా భార్య కోడలుగా వచ్చిన తొలి ఏడు అది.

“ముట్టుగా ఉండి తీగ కాడికి పోయుంటావు. ఇంగ యాడ కాస్తాది?” అంది అమ్మ, కొళాయి దగ్గర ఆడవాళ్లందరి ముందు.

“నేను ఆ పక్కకే పోలేదత్తా.”

“అయితే తీగకే పొగరెక్కిందా?”

అందరూ నవ్వారు.

నేను బడిలో సైన్సు అయ్యవారిని. కొన్నాళ్లకు పువ్వు పాఠం వచ్చింది. ఉమ్మెత్త పూలు దొరక్క, తీగకు మిగిలిన ఉండ పువ్వొకటి తీసుకెళ్లి బ్లేడుతో నిలువునా కోశాను. మొగ్గను కాపాడే రక్షక పత్రాలు, తేనెటీగను పిలిచే ఆకర్షక పత్రాలు, పుప్పొడిని అందుకునే కీలాగ్రం చూపించాను. “ఈ ఉండ అండాశయం. ఇదే కాయ అవుతుంది” అంటూ ఆగిపోయాను.

అయ్యవారే పిందెలు తుంచాడని వీధంతా నవ్వుతుందని ఇంట్లో చెప్పలేదు. నా భార్య మళ్లీ ఏ పాదు దగ్గరికీ పోలేదు.

రెండువేల సంవత్సరం తర్వాత కుప్పం బదిలీ అయ్యాక, పెరట్లో గుమ్మడి గింజలు నేనే వేశాను. పూలొచ్చాక ఒక మగపువ్వు ఆమె చేతికిచ్చి, పుప్పొడి ఆడపువ్వుకు అద్దమన్నాను.

“నాకు యాల? కాయకపోతే మళ్లా నా తలకే సుట్టుకుంటాది.”

అప్పుడు చెప్పాను, మెట్టు మీద కూర్చున్న అమ్మ వింటుండగానే.

“గౌరమ్మకు పిందెలు గుచ్చినావా రా?” అంది అమ్మ. కోడలి వైపు చూడలేదు.

నా భార్య పువ్వు నా చేతిలోనే పెట్టి, “ఇన్నేళ్లు నోట్లో ఏం పెట్టుకోనుండారు?” అని లోపలికి వెళ్లింది. నేనే అద్దాను.

కొళాయి దగ్గర నవ్విన వాళ్లలో కొందరు ఇంకా ఉన్నారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ఆ కాయ పండింది. గింజలకు నా భార్యే బూడిద పట్టించి ఆరబెట్టింది. మరుసటి ఏడు వాటిని నాటను పాదు తీసింది కూడా ఆమే.