కూర్మయ్య జీపు, ఉమాపతి చేతులు

ఉమాపతి తాత నూనె అమ్మాడు, తండ్రీ నూనె అమ్మాడు. ఇతను మాత్రం నూనె కారకుండా ఆపే పనిలో పడ్డాడు. "ఇంటి వ్యాపారం మానలేదు, తిరగేశాడంతే" అని చుట్టాలు వేళాకోళం చేసేవారు. శ్రీకాకుళం నుంచి శ్రీకూర్మం వెళ్ళే రోడ్డు మీద రేకుల షెడ్డు వేసుకుని, ముప్పై ఏడేళ్లు జీపుల కింద పడుకునే బతికాడు. నాలుగు చక్రాలూ లాగే జీపులో గేర్‌బాక్సు వెనక ట్రాన్స్‌ఫర్ కేసు అని ఇంకో పెట్టె ఉంటుంది. ఇంజను బలాన్ని ముందు చక్రాలకీ పంచేది అదే. ఆ రెండు పెట్టెలూ కలిసేచోట నూనె కారితే చాలామంది మెకానిక్కులు, కింద డబ్బా పెట్టుకోమని చెప్పి పంపేస్తారు. ఉమాపతికి అది చేతకాదు. తాను బాగుచేసిన బండి ఒక్క చుక్క రాల్చిందని తెలిస్తే ఆ పూట ఆయనకి అన్నం సయించదు.

అలాంటి మనిషికి అరవై రెండో ఏట కుడిచెయ్యి వణకడం మొదలైంది. ఎక్కువేమీ కాదు, టీ గ్లాసు నిండా పోస్తే తొణికేటంత. ఆయన ఎవరికీ చెప్పలేదు. భార్య గౌరికి చెప్పనక్కర్లేకపోయింది. ఆమె అప్పటికే గ్లాసులో సగమే పోస్తోంది.

హుద్‌హుద్ తుఫాను వెళ్ళిన మరుసటి ఏడు కూర్మయ్య జీపు వచ్చింది. కూర్మయ్యది సముద్రపొడ్డున చేపలు పట్టే పల్లె. పడవల్ని ఇసకలోంచి పైకి లాగేది ఆ పాత జీపే. రెండు పెట్టెల మధ్య నూనె కారుతోందన్నాడు. ఉమాపతి విప్పి, నూనెని ఆపే రబ్బరు బిళ్ళ, సీలు, కొత్తది వేసి బిగించాడు. పది రోజులకి జీపు తిరిగొచ్చింది. మళ్ళీ విప్పాడు, మళ్ళీ వేశాడు. రెండు వారాలకి మళ్ళీ వచ్చింది.

"మల్లీ కారతన్నాది బావూ," అన్నాడు కూర్మయ్య, తప్పు తనదే అన్నట్టు తలవంచుకుని. ఉమాపతికి ప్రాణం చివుక్కుమంది. తిట్టినా బాగుండేది.

ఆ మధ్యాహ్నం అన్నం కలుపుతూ గౌరితో అన్నాడు. "సీలు సక్కగా కూర్సోవాలంటే సెయ్యి నిలబడాలే. వెంట్రుకంత వంకరున్నా కారతాది. ఇదొక్కసారీ సేసి సూస్తాను. ఇదీ కారిందంటే నెలాఖరుకి ప్రమోద్‌కి తాళం ఇచ్చేస్తాను." ప్రమోద్ ఆయన మేనల్లుడు. సెల్‌ఫోన్ల కొట్టు పెట్టుకుంటానని ఆ షెడ్డు అడుగుతున్నాడు.

"సెయ్యి వణికితే వణికింది. బుర్ర వణకనేదు కదా, అదెట్టి సూడండి," అంది గౌరి మజ్జిగ పోస్తూ. అన్నాక ఊరుకోలేదు. కొంగు దోపుకుని ఆయన వెనకే షెడ్డుకి వచ్చి, పీట వేసుకుని కూర్చుంది. ఇన్నేళ్లలో ఆమె అలా పని చూస్తూ కూర్చోవడం అదే మొదలు.

జీపు అడుగంతా తారు. రెండుసార్లూ ఉమాపతి ఆ తారుని విసుక్కుంటూ గీకి తన పని చేసుకున్నాడు. ఒకే జబ్బు మళ్ళీ వస్తే కారణం వేరేచోట వెతకాలని ఆయనకి తెలియక కాదు. నేరం తన చేతులదేనని తీర్పు చెప్పేసుకున్నవాడు ఇంకెక్కడ వెతుకుతాడు?

"ఈ తారేటి కూర్మయ్యా? వచ్చినప్పుడల్లా ఇంకో పొర ఉంటన్నాది!" అన్నాడు ఈసారి.

కూర్మయ్య మొహం వెలిగింది. "నానే పూసినాను బావూ. తుపాను ఉప్పుకి తుప్పెక్కిపోతాదని ముందు ఒక పూత పూసినాను. కారడం మొదలయ్యాక, పడవకి తారెడితే నీరు రాదు గదా, దీనికెడితే నూని పోదనుకున్నాను. మీరు బాగుసేసి పంపిన పెతిసారీ, మీ పని సెడకూడదని ఇంకో పూత. లోపల రేకిప్పి పైన గూడా పూసినాను. సీమ దూరే సందు ఒగ్గనేదు."

"ఒక్క సందూ ఒగ్గనేదా?"

"ఒట్టు బావూ!"

ఉమాపతి పానా చేతిలో పట్టుకునే జీపెక్కి, కాళ్ళ కింది రేకు విప్పాడు. పెట్టె మీద చిన్న బొడిపె ఉంటుంది. బ్రీదర్ అంటారు. పెట్టె వేడెక్కినప్పుడు లోపలి గాలి దాని చిల్లులోంచే బయటికి పోవాలి. ఆ దారి మూస్తే గాలి నూనెని సీలు మీదికి తోస్తుంది. ఎంత బాగా వేసిన సీలైనా ఎన్నాళ్ళు ఆగుతుంది? తడిమిన వేలికి తారుముద్ద తగిలింది.

తీగతో ఆ చిల్లు శుభ్రం చేశాడు. తర్వాత కింద దూరి, ట్రాన్స్‌ఫర్ కేసు దించి, తాను మొన్న వేసిన సీలు చుట్టూ గోరు పెట్టి తడిమాడు. ఇంకోసారి తడిమాడు. ఎక్కడా వంకర లేదు. వణికే చేత్తోనే అంత చక్కగా కూర్చోబెట్టాడు దాన్ని. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి, సిగ్గేసి అటు తిరిగాడు.

"ఏటయింది?" అంది గౌరి.

"ఏటీ నేదే. బాగానే ఏసినాను."

ఒకసారి విప్పిన సీలు మళ్ళీ పనికిరాదు. కొత్తది వేయడానికి మామూలుకన్నా రెట్టింపు సేపు పట్టింది. ఆఖర్న ఒక తెల్లటి పంచెముక్క కూర్మయ్య చేతికిచ్చి, బండి నిలిపినప్పుడల్లా దాని కింద పరవమన్నాడు. ఆ బొడిపె చూపించి, దీని జోలికి మాత్రం రావద్దని ఒట్టు వేయించుకున్నాడు. కూర్మయ్య చెంపలు వేసుకున్నాడు.

నెలాఖరున ప్రమోద్ కన్నా ముందు కూర్మయ్యే వచ్చాడు, పంచెముక్క మడతపెట్టుకుని. బల్ల మీద విప్పి పరిచాడు. ఇసక ఉంది, రెండు చేపపొలుసులు అంటుకుని ఉన్నాయి. నూనె మరక మాత్రం లేదు.

గౌరి టీ తెచ్చింది. ఉమాపతి గ్లాసు ఆ రోజు అంచు దాకా నిండుగా ఉంది. ఆయన ఎత్తాడు, తొణికింది, బల్ల మీద నాలుగు చుక్కలు పడ్డాయి. చుక్క కారితే అన్నం సయించని మనిషి ఆ తడిని చూసి నవ్వి, తుడవకుండా తాగాడు.